కొత్త యాంటీబయాటిక్ పదార్థాన్ని బ్యాక్టీరియాపై, కణాలపై, చిట్టెలుకలపై పరీక్షించే విధానం: సమగ్ర మార్గదర్శి

బ్యాక్టీరియాను అణచగలదని భావిస్తున్న ఒక కొత్త పదార్థం చేతికి వచ్చినప్పుడు పరిశోధకులు మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానం రాబట్టాలి. అది ఎంత గాఢతలో బ్యాక్టీరియా పెరుగుదలను ఆపుతుంది? అదే గాఢతలో మనిషి కణాలకు హాని చేస్తుందా? రక్తం, కాలేయం, మూత్రపిండాలు తమ పని తాము చేసుకుపోయే సజీవ శరీరంలో అది ఇన్ఫెక్షన్‌ను నిజంగా తగ్గిస్తుందా? మొదటి ప్రశ్నకు బ్యాక్టీరియా కల్చర్, రెండో ప్రశ్నకు కణ కల్చర్, మూడో ప్రశ్నకు జంతు నమూనా సమాధానమిస్తాయి. ఒక్కో పద్ధతిని విడిగా వివరించే పాఠాలు చాలా ఉన్నాయి కాని, ఒక దశలో వచ్చిన అంకెను తర్వాతి దశ అంకెతో ఎలా పోల్చాలో చెప్పేవి తక్కువ. ఆ పోలికలోనే ఎక్కువ పొరపాట్లు దొర్లుతాయి కాబట్టి ఈ మార్గదర్శిని దాని చుట్టూనే అల్లుతున్నాను.

ఈ మూడు వ్యవస్థలు ఎప్పుడూ ఒకే మాట చెప్పవు. 1935లో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ ప్రకటించిన ప్రోంటోసిల్ అనే ఎర్రని రంగు పదార్థం స్ట్రెప్టోకాకస్ సోకిన చిట్టెలుకలను కాపాడింది కాని, గాజునాళికలోని బ్యాక్టీరియాపై దాదాపు ఏ ప్రభావమూ చూపలేదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అదే ఏడాది దీని కారణం కనుగొన్నారు. ప్రోంటోసిల్ శరీరంలో విచ్ఛిన్నమై సల్ఫనిలమైడ్‌ను విడుదల చేస్తుంది, బ్యాక్టీరియాపై పనిచేసేది ఆ ముక్కే. ఒక పరీక్షలో వచ్చిన అంకెకు ఆ పరీక్ష జరిగిన పరిస్థితులలోనే అర్థం ఉంటుందని ప్రయోగం రూపకల్పన దశ నుంచే గుర్తుంచుకోవాలి.

మొదలుపెట్టే ముందు: భద్రత, చోటు, వ్యర్థాలు

ఈ మార్గదర్శిలో ఉదాహరణగా తీసుకున్న ఈ.కోలి ఏటీసీసీ 25922 (ప్రామాణిక సూక్ష్మజీవులను, కణాలను భద్రపరిచి అందించే ఏటీసీసీ సంస్థ జాబితాలోని సంఖ్య ఇది) ఆరోగ్యవంతులకు సాధారణంగా జబ్బు కలిగించనిది, కాబట్టి మొదటి జీవభద్రతా స్థాయి సరిపోతుంది. స్టఫిలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 29213 వంటి వాటికీ, మనిషి నుంచి వచ్చిన కణాలకూ రెండో స్థాయి అవసరం. ఇక్కడ కొత్తవారు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. లామినార్ ఫ్లో హుడ్‌కూ రెండో తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్‌కూ తేడా తెలియక, రెండింటిలోనూ గాలి వడపోసే ఫిల్టరు ఉంది కదా అని ఏదో ఒక దానిలో పని మొదలుపెడతారు. అడ్డంగా గాలి వీచే హుడ్ నమూనాను శుభ్రంగా ఉంచుతుంది కాని, నమూనా మీదుగా వచ్చిన గాలిని నేరుగా పనిచేసేవారి ముఖం మీదికి పంపుతుంది. అందువల్ల బ్యాక్టీరియాను, మానవ కణాలను దానిలో తెరవకూడదు. బయోసేఫ్టీ క్యాబినెట్ నమూనాను, మనిషిని, గదిని మూడింటినీ కాపాడుతుంది.

కణ కల్చర్‌కూ బ్యాక్టీరియాకూ వేర్వేరు గదులు, అది కుదరకపోతే కనీసం వేర్వేరు క్యాబినెట్లు, వేర్వేరు ఇంక్యుబేటర్లు, వేర్వేరు పిపెట్లు ఉండాలి. ఒకే రోజు రెండు పనులూ చేయవలసి వస్తే కణాల పని ముందు, బ్యాక్టీరియా పని తర్వాత.

పోషక యానకాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు ఉంచితే చాలు. వ్యర్థాలకు మాత్రం సంచి మధ్యభాగానికి కూడా వేడి చేరాలి కాబట్టి అంతకంటే ఎక్కువ సేపు ఉంచాలి. బ్లీచ్ కలిపిన ద్రవ వ్యర్థాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, వేడికి విషవాయువు వెలువడుతుంది.

పదార్థాన్ని కరిగించడం

మూడు దశలకూ ఒకే బ్యాచ్ పదార్థాన్ని వాడడం మంచిది. పొడి స్వచ్ఛత 92 శాతమైతే, తూకాన్ని 0.92తో భాగించి సరిచేయాలి. ఉదాహరణకు 12.8 మిల్లీగ్రాముల అసలు పదార్థం కావాలంటే 13.9 మిల్లీగ్రాముల పొడి తూచాలి. దాన్ని డీఎంఎస్ఓ అనే సేంద్రియ ద్రావణి 1 మిల్లీలీటరులో కరిగిస్తే మిల్లీలీటరుకు 12.8 మిల్లీగ్రాముల మూల ద్రావణం వస్తుంది. దాన్ని ఒక్కోసారి వాడకానికి సరిపడేంత చొప్పున చిన్న గొట్టాలలో పంచి గడ్డకట్టించాలి. డీఎంఎస్ఓ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పదే పదే కరిగించి గడ్డకట్టిస్తే పదార్థం అడుగుకు చేరి, గొట్టం మీద రాసిన గాఢత నిజం కాకుండా పోతుంది.

నీటి ఆధారిత యానకంలో కలిపిన వెంటనే గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. మబ్బుగా కనిపించినా, సన్నని నలుసులు మెరిసినా పదార్థం పూర్తిగా కరగలేదన్నమాట. ఆ గాఢతలో వచ్చిన ఏ ఫలితానికీ అర్థం ఉండదు. ఈ పరిశీలనకు అర నిమిషం కూడా పట్టదు, అయినా చాలామంది దీన్ని వదిలేస్తారు.

మొదటి దశ: కనిష్ఠ నిరోధక గాఢత

బ్యాక్టీరియా కంటికి కనిపించేలా పెరగకుండా ఆపే అతి తక్కువ గాఢతను కనిష్ఠ నిరోధక గాఢత అంటారు, ప్రయోగశాలల్లో దీన్ని ఎంఐసీ అని పిలుస్తారు. ద్రవ యానకంలో సూక్ష్మ పరిమాణాలతో దీన్ని కొలిచే విధానాన్ని ఐఎస్ఓ 20776-1 ప్రమాణం నిర్వచిస్తుంది. ఇలాంటి పరీక్షలకు ప్రమాణాలు రూపొందించే సీఎల్ఎస్ఐ, యూకాస్ట్ సంస్థల మార్గదర్శకాలు కూడా ఇదే బాటలో ఉంటాయి.

ముందు రోజు సాయంత్రం మైనస్ 80 డిగ్రీలలో గ్లిసరాల్‌లో దాచిన నిల్వ నుంచి లూప్‌తో కొద్దిగా గీరి, అగర్ ప్లేటుపై (జెల్లీలా గట్టిపడిన పోషక యానకం) విడివిడి కాలనీలు, అంటే కంటికి కనిపించే బ్యాక్టీరియా చుక్కలు, వచ్చేలా గీతలు గీసి, 18 నుంచి 24 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. నిల్వ గొట్టాన్ని పూర్తిగా కరగనివ్వకూడదు. మరుసటి రోజు ప్లేటును జాగ్రత్తగా చూడాలి. అన్ని కాలనీలూ ఒకే పరిమాణంలో, ఒకే అంచుతో, ఒకే రంగులో ఉంటేనే ముందుకు సాగాలి. ఒక్క కాలనీ కాకుండా మూడు నాలుగు కాలనీలను తాకి తీసుకోవాలి, లేకపోతే ఏదో ఒక అరుదైన ఉత్పరివర్తనం మొత్తం ప్రయోగానికి ప్రతినిధి అయిపోవచ్చు.

ఆ కాలనీలను సెలైన్‌లో కలిపి మసకదనాన్ని కొలిచే మెక్‌ఫార్లండ్ కొలమానంపై 0.5కు తేవాలి. ఇది ఒక సెంటీమీటరు వెడల్పున్న క్యూవెట్ అనే కొలత పాత్రలో 625 నానోమీటర్ల వద్ద 0.08 నుంచి 0.13 వరకు శోషణ విలువకు సమానం. ఈ.కోలి విషయంలో మిల్లీలీటరుకు సుమారు 10 కోట్ల నుంచి 20 కోట్ల సజీవ కణాలుంటాయి. దీన్ని బ్రాత్ అనే ద్రవ పోషక యానకంలో 100 రెట్లు పలుచన చేస్తే మిల్లీలీటరుకు సుమారు 10 లక్షలకు దిగుతుంది. ప్లేటులో మందు ద్రావణంతో సమాన పరిమాణంలో కలిసినప్పుడు అది సగమై 5 లక్షలవుతుంది. ప్రమాణం కోరే తుది సంఖ్య అదే. పలుచన చేసిన బ్యాక్టీరియాను ఎక్కువ సేపు పక్కన పెట్టకూడదు. గది వేడిలో అవి విభజన చెందుతూనే ఉంటాయి, సంఖ్య మారిపోతుంది.

ప్లేటును ఇలా సిద్ధం చేసుకోవాలి.

1. మూల ద్రావణం 10 మైక్రోలీటర్లను 990 మైక్రోలీటర్ల బ్రాత్‌లో కలపాలి. మిల్లీలీటరుకు 128 మైక్రోగ్రాముల మందు, 1 శాతం డీఎంఎస్ఓ ఉన్న ద్రావణం వస్తుంది. ఇక్కడ వాడే బ్రాత్ కాల్షియం, మెగ్నీషియం అయాన్లను సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్ అయివుండాలి.
2. 96 చిన్న గుంటలు (వెల్‌లు) ఉన్న ప్లేటులో మొదటి నిలువు వరుసలో ఆ ద్రావణం 100 మైక్రోలీటర్లు, 2 నుంచి 11 వరకు ఉన్న వరుసలలో ఖాళీ బ్రాత్ 50 మైక్రోలీటర్లు, 12వ వరుసలో 100 మైక్రోలీటర్లు వేయాలి.
3. మొదటి వరుస నుంచి 50 మైక్రోలీటర్లు తీసి రెండో దానిలో కలిపి, అక్కడి నుంచి మూడో దానిలోకి, అలా పదో వరుస వరకు వెళ్లి చివరి 50 మైక్రోలీటర్లను పారేయాలి.
4. 1 నుంచి 11 వరకు వరుసలలో 50 మైక్రోలీటర్ల చొప్పున బ్యాక్టీరియా వేయాలి. 12వ వరుసలో వేయకూడదు.
5. మూత పెట్టి, ఆవిరి కాకుండా చూసి, 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుంచి 20 గంటలు ఉంచాలి.

ఇప్పుడు మొదటి వరుసలో 64 మైక్రోగ్రాములు, తర్వాత 32, 16, 8 అంటూ పదో వరుసలో 0.125 మైక్రోగ్రాముల గాఢత ఉంటుంది. పదకొండోది మందు లేని ఎదుగుదల కంట్రోల్, పన్నెండోది బ్యాక్టీరియా లేని శుభ్రతా కంట్రోల్. మొదటి వరుసలో డీఎంఎస్ఓ తుది పరిమాణం 0.5 శాతం కాబట్టి, మందు లేకుండా అంతే డీఎంఎస్ఓ ఉన్న ఒక వెల్‌ను కూడా తప్పక పెట్టాలి. పదార్థం పెప్టైడ్ అయితే సాధారణ పాలీస్టైరిన్ ప్లేటు గోడలకు అతుక్కుపోవచ్చు, కనుక పాలీప్రొపిలీన్ ప్లేటు వాడాలి.

బ్యాక్టీరియా వేసిన వెంటనే ఎదుగుదల కంట్రోల్ వెల్ నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లను అగర్‌పై పరచాలి. లెక్క సరిగ్గా ఉంటే మరుసటి రోజు సుమారు 50 కాలనీలు కనిపిస్తాయి. 5 కాలనీలో 500 కాలనీలో వస్తే ఆ రోజు ఎంఐసీని నమ్మకూడదు, ఎందుకంటే వేసిన బ్యాక్టీరియా సంఖ్య పెరిగే కొద్దీ కొన్ని మందుల ఎంఐసీ కూడా పెరుగుతుంది.

ప్రతి ప్లేటుపైనా తెలిసిన మందు ఒకటి ఉండాలి. ఏటీసీసీ 25922పై సిప్రోఫ్లాక్ససిన్ ఎంఐసీ మిల్లీలీటరుకు 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాముల మధ్య, జెంటమైసిన్ ఎంఐసీ 0.25 నుంచి 1 మైక్రోగ్రాము మధ్య రావాలి. ఈ హద్దులు దాటితే కొత్త పదార్థం ఫలితం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా ఆ ప్లేటును పక్కన పెట్టాలి. నా దృష్టిలో ఇది చర్చకు తావులేని నియమం. మరో విషయం, ఈ పద్ధతిలో ఒక రెట్టింపు అటూ ఇటూ తేడా సహజం. ఒక పదార్థానికి 2, మరో దానికి 4 వచ్చినంత మాత్రాన మొదటిది మేలైనదని తేల్చకూడదు. వేర్వేరు రోజులలో కనీసం మూడుసార్లు చేసి, ఎక్కువసార్లు వచ్చిన విలువను తీసుకోవాలి.

పెరుగుదల ఆగిన వెల్‌లలో బ్యాక్టీరియా చచ్చిందా, నిద్రాణంగా ఉందా అని తెలుసుకోవడానికి ఆ వెల్‌ల నుంచి కొంత తీసి మందు లేని అగర్‌పై పరచాలి. మొదటి సంఖ్యలో 99.9 శాతం తగ్గించిన అతి తక్కువ గాఢతను సంహారక గాఢత అంటారు.

రెండో దశ: కణాలకు హాని ఉందా?

కణ కల్చర్‌లో మొదటి పని కణాలు నిజంగా అవేనా అని నిర్ధారించుకోవడం. 1951లో హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి వచ్చిన హీలా కణాలు ఎంత వేగంగా పెరుగుతాయంటే, అవి ఎన్నో ఇతర కణశ్రేణులలోకి చొరబడి వాటిని పూర్తిగా తొలగించి తామే నిలిచాయి. అలా పేరు ఒకటి, కణం మరొకటి అయిన శ్రేణుల జాబితాను ఐక్లాక్ అనే అంతర్జాతీయ కమిటీ నిర్వహిస్తోంది. కొత్త కణాలు తెచ్చుకునే ముందు ఆ జాబితా చూడాలి. తెచ్చుకున్నాక ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ అనే డీఎన్ఏ పరీక్షతో సరిపోల్చుకోవాలి.

రెండోది మైకోప్లాస్మా. దీనికి కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్ దీన్ని తాకదు, పరిమాణంలో ఎంతో చిన్నది కావడం వల్ల 0.2 మైక్రోమీటర్ల ఫిల్టరు నుంచి కూడా జారిపోగలదు. ఇది సోకిన కల్చర్ మామూలు సూక్ష్మదర్శినిలో స్వచ్ఛంగానే కనిపిస్తుంది, యానకం మసకబారదు, కాని కణాల జీవక్రియ మారిపోతుంది, విషపూరితత్వ పరీక్షల అంకెలు తప్పుదారి పడతాయి. పీసీఆర్‌తో గాని డీఎన్ఏకు అంటుకునే హోక్స్ట్ రంగుతో గాని క్రమం తప్పకుండా పరీక్షించాలి. సోకిందని తేలితే ఆ కల్చర్‌ను ఆటోక్లేవ్ చేసి పారేసి, శుభ్రమైన నిల్వ నుంచి మళ్లీ మొదలుపెట్టడమే సరైన దారి. మందులతో బాగుచేసే ప్రయత్నం, మరెక్కడా దొరకని కణాలకు తప్ప, శ్రమకు తగ్గది కాదు. కణ యానకంలో అలవాటుగా పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలపడాన్ని కూడా నేను ప్రోత్సహించను. అవి అజాగ్రత్తను కప్పిపుచ్చుతాయి, పైగా ఇక్కడ పరీక్షిస్తున్నదే యాంటీబయాటిక్ కాబట్టి ఫలితాలలో మరో చిక్కు చేరుతుంది.

నిల్వ విషయానికి వస్తే, గడ్డకట్టించడం నెమ్మదిగా, కరిగించడం వేగంగా జరగాలి. 10 శాతం డీఎంఎస్ఓ ఉన్న యానకంలో కణాలను నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరచి, మైనస్ 80 డిగ్రీలకు చేర్చి, ఆ తర్వాత ద్రవ నత్రజని ట్యాంకులోకి మార్చాలి.

కాలేయ కణితి నుంచి వచ్చిన హెప్‌జీ2 కణాలను ఉదాహరణగా తీసుకుందాం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 10 శాతం పిండ దశలోని దూడ సీరం, ఇవి ప్రాథమిక అవసరాలు. కార్బన్ డయాక్సైడ్ యానకంలోని బైకార్బొనేట్‌తో కలిసి పీహెచ్‌ను 7.4 దగ్గర నిలుపుతుంది. ఫ్లాస్కును బయట ఎక్కువ సేపు ఉంచితే ఎర్రని యానకం గులాబీ, ఊదా ఛాయలకు తిరుగుతుంది. క్షారత పెరిగిందనడానికి అది గుర్తు. పసుపుకు తిరిగితే ఆమ్లం పెరిగింది, అంటే కణాలు మితిమీరి నిండాయి లేదా బ్యాక్టీరియా చేరింది.

ఫ్లాస్కు అడుగుభాగం 70, 80 శాతం నిండినప్పుడు కణాలను విడదీయాలి. పాత యానకం తీసేసి, కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ అనే ఉప్పు బఫర్ ద్రావణంతో కడగాలి. కడగకపోతే మిగిలిన సీరం, కణాలను విడదీసే ఎంజైమ్ అయిన ట్రిప్సిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. తర్వాత ట్రిప్సిన్, ఈడీటీఏ మిశ్రమం వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తుండాలి. పరచుకుని ఉన్న కణాలు అంచులు ముడుచుకుని గుండ్రంగా మారి, ఫ్లాస్కును పక్క నుంచి మెల్లగా తట్టగానే పొరలుగా జారిపోతాయి. ఆ క్షణంలోనే సీరం ఉన్న యానకం పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి. గడియారం చూసి కాక కణాలను చూసి ఆపడం అలవాటు చేసుకోవాలి. హెప్‌జీ2 కణాలు గుంపులుగా అంటిపెట్టుకునే రకం కాబట్టి పిపెట్‌తో పలుమార్లు మృదువుగా పైకీ కిందికీ లాగి విడివిడిగా చేయాలి.

లెక్కకు కణాలను సమాన పరిమాణంలో ట్రిపాన్ బ్లూ రంగుతో కలిపి, కణాలు లెక్కించడానికి గడులు గీసిన హీమోసైటోమీటరు అనే స్లైడులో చూడాలి. చనిపోయిన కణాలు నీలంగా కనిపిస్తాయి. నాలుగు మూల గడులలో కలిపి 168 సజీవ కణాలుంటే సగటు 42, పలుచన 2 రెట్లు, గడి పరిమాణం వల్ల 10,000తో గుణించాలి. అంటే మిల్లీలీటరుకు 8.4 లక్షలు. ఒక్కో వెల్‌లో 100 మైక్రోలీటర్లకు 10,000 కణాలు కావాలంటే మిల్లీలీటరుకు 1 లక్ష ఉండాలి. 12 మిల్లీలీటర్లు చేయడానికి 1.43 మిల్లీలీటర్ల కణాలను 10.57 మిల్లీలీటర్ల యానకంలో కలిపితే సరి. సజీవ కణాలు 90 శాతం కంటే తగ్గితే ఆ రోజు పరీక్ష మానుకోవడం మేలు.

ప్లేటు అంచున ఉండే 36 వెల్‌లలో నీరు త్వరగా ఆవిరవుతుంది, కాబట్టి వాటిని పీబీఎస్‌తో నింపి లోపలి 60 వెల్‌లను మాత్రమే వాడాలి. కణాలు ఒక రాత్రి అతుక్కున్నాక, రకరకాల గాఢతలలో మందు ఉన్న యానకం వేసి 24 గంటలు ఉంచాలి. అన్ని వెల్‌లలోనూ డీఎంఎస్ఓ ఒకే శాతంలో, 0.5కు మించకుండా ఉండాలి.

సజీవతను కొలవడానికి 1983లో మోస్‌మన్ వివరించిన ఎంటీటీ పరీక్ష ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఎంటీటీ అనే పసుపు పదార్థాన్ని సజీవ కణాల జీవక్రియ ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ఎంటీటీ ద్రావణాన్ని ఒక్కో వెల్‌లో 10 మైక్రోలీటర్లు వేసి, 3 గంటల తర్వాత యానకాన్ని జాగ్రత్తగా తీసేసి, అడుగున ఏర్పడిన ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలను 100 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓలో కరిగించి 570 నానోమీటర్ల వద్ద శోషణ చదవాలి. కణాలు లేని వెల్ విలువ 0.05, డీఎంఎస్ఓ మాత్రమే ఉన్న కణాల విలువ 1.05, మందు ఉన్న వెల్ విలువ 0.55 అయితే, రెండింటి నుంచీ 0.05 తీసివేస్తే సజీవత 50 శాతం. సజీవతను సగానికి తగ్గించే గాఢతను సీసీ50 అంటారు. కణాలన్నింటినీ చంపే ట్రైటాన్ ఎక్స్-100 ఉన్న వెల్ పూర్తి హాని కంట్రోల్‌గా ఉండాలి.

ఈ పరీక్ష నేరుగా కొలిచేది మరణాన్ని కాదు, జీవక్రియను. పెరుగుదల ఆగిన కణం, చనిపోయిన కణం రెండూ తక్కువ రంగే ఇస్తాయి. అంతేకాక, ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చే కొన్ని పదార్థాలు కణాలు లేకపోయినా ఎంటీటీని తామే ఊదారంగుకు మారుస్తాయి. అటువంటప్పుడు విషపదార్థం కూడా నిరపాయకరంగా కనిపిస్తుంది. కణాలు లేకుండా మందు, ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్‌ను పెట్టి దీన్ని పసిగట్టాలి.

రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం

సీసీ50ని ఎంఐసీతో భాగిస్తే ఎంపిక సూచిక వస్తుంది. సీసీ50 128, ఎంఐసీ 2 అయితే సూచిక 64. చూడడానికి బాగుంటుంది. కాని ఎంఐసీ కొలిచిన బ్రాత్‌లో సీరం లేదు, సీసీ50 కొలిచిన యానకంలో 10 శాతం సీరం ఉంది. పదార్థం అల్బుమిన్ ప్రోటీన్‌కు గట్టిగా అతుక్కునే రకమైతే, కణాల ప్లేటులో దానిలో చాలా భాగం బందీగా ఉండిపోతుంది, స్వేచ్ఛగా ఉన్న కొద్ది భాగమే కణాలను తాకుతుంది. బ్యాక్టీరియా ప్లేటులో మాత్రం మొత్తం స్వేచ్ఛగా ఉంటుంది. అప్పుడు 64 అనే అంకె పదార్థం గుణం కన్నా రెండు యానకాల తేడానే ఎక్కువగా చూపుతుంది.

అందుకే చిట్టెలుకల దశకు వెళ్లే ముందు రెండు పనులు చేయాలి. ఒకటి, బ్రాత్‌లో సీరం కలిపి ఎంఐసీని మళ్లీ కొలవాలి. అది ఎనిమిది, పదహారు రెట్లు పెరిగితే శరీరంలో కూడా ప్రోటీన్ బంధం అడ్డుపడుతుందని ఊహించవచ్చు. రెండు, ప్లాస్మాలో స్వేచ్ఛగా ఉండే భాగం ఎంతో ఈక్విలిబ్రియం డయాలసిస్ వంటి పద్ధతితో కొలవాలి. ఈ రెండూ చేయకుండా జంతువులపైకి వెళ్తే, ముందే ఊహించదగిన వైఫల్యం కోసం ప్రాణులను ఖర్చుచేసినట్టవుతుంది.

మూడో దశ: చిట్టెలుకలు

1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు ఇక్కడ ప్రతి నిర్ణయానికీ ఆధారం: జంతువు లేకుండా సమాధానం వస్తే జంతువును వాడకపోవడం, తప్పనప్పుడు అవసరమైనంత తక్కువ సంఖ్యలో వాడడం, వాడిన వాటి బాధను తగ్గించడం. నైతిక కమిటీ అనుమతి, శిక్షణ పొందిన సిబ్బంది, పశువైద్యుల పర్యవేక్షణ లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

సంఖ్య నుంచి మొదలుపెడదాం. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ బృందం 8 చిట్టెలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, వాటిలో నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చింది. తెల్లవారేసరికి మందు ఇవ్వని నాలుగూ చనిపోయాయి, ఇచ్చిన నాలుగూ బతికి ఉన్నాయి. ప్రభావం అంత పెద్దది కాబట్టి అంత చిన్న సంఖ్య సరిపోయింది. ప్రభావం అంత స్పష్టంగా ఉండని సందర్భాలలో లెక్క వేసుకోవాలి. 5 శాతం ప్రాముఖ్యత స్థాయి (లేని తేడా ఉన్నట్టు పొరబడే అవకాశం), 80 శాతం శక్తితో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) రెండు సమూహాలను పోల్చడానికి, ప్రామాణిక విచలనాన్ని ఆశించే తేడాతో భాగించి, వర్గం చేసి, 16తో గుణిస్తే ఒక్కో సమూహానికి కావలసిన సంఖ్య సుమారుగా వస్తుంది. కణజాలంలో బ్యాక్టీరియా సంఖ్యను పది ఆధారంగా లాగరిథమ్‌లో కొలుస్తూ, విచలనం 0.8, చూడదలచిన తేడా 1.2 అయితే ఫలితం 7.1, అంటే కనీసం 8. చిన్న సమూహాలకు చేయవలసిన సవరణను, మధ్యలో తగ్గిపోయే అవకాశాన్ని కలుపుకుంటే 9 లేదా 10 పెట్టుకోవాలి.

సమూహాలలో ద్రావణి మాత్రమే పొందేది, తెలిసిన యాంటీబయాటిక్ పొందేది, కొత్త పదార్థం రెండు మూడు మోతాదులలో పొందేవి ఉండాలి. వీటికి తోడు చికిత్స మొదలయ్యే క్షణంలో బ్యాక్టీరియా ఎంత ఉందో కొలవడానికి ఒక సమూహం తప్పనిసరి. అది లేకపోతే మందు బ్యాక్టీరియాను తగ్గించిందా, పెరగకుండా మాత్రమే ఆపిందా అన్నది తేలదు.

యాదృచ్ఛికంగా పంచడం అంటే పంజరంలోంచి చేతికి అందినదాన్ని తీయడం కాదు. సులభంగా చిక్కే ఎలుక తరచు నీరసంగా ఉన్నదే. కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక వరుసనే పాటించాలి. వేర్వేరు మందులు పొందే చిట్టెలుకలను ఒకే పంజరంలో ఉంచవచ్చా అనే ప్రశ్న దీనికంటే క్లిష్టమైనది. చిట్టెలుకలు మలాన్ని తింటాయి, కాబట్టి మలంలో విసర్జితమయ్యే మందు పక్క ఎలుకకు చేరవచ్చు. అలాగని పంజరానికో మందు చొప్పున పెడితే, పంజరంలోని పరిస్థితులు మందు ప్రభావంతో కలిసిపోయి, ప్రయోగ ప్రమాణం ఎలుక కాక పంజరమే అవుతుంది. మందు మలంలో విసర్జితం కాదని తెలిస్తే కలిపి ఉంచాలి. తెలియనప్పుడు ఒక్కో సమూహానికి చిన్న చిన్న పంజరాలు ఎక్కువగా పెట్టి, విశ్లేషణలో పంజరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

జంతువులు వచ్చాక కనీసం వారం రోజులు కొత్త చోటుకు అలవాటుపడనివ్వాలి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి, నిలకడైన ఉష్ణోగ్రత, గూడు కట్టుకునే సామగ్రి ఉండాలి. తోక పట్టి ఎత్తడం కంటే గొట్టంలోకి నడిపించి ఎత్తితే వాటి ఆందోళన తగ్గుతుందని 2010లో వెలువడిన పరిశోధన చూపింది. పురుషుల వాసన చిట్టెలుకలలో ఒత్తిడి పెంచుతుందని 2014లో తేలింది, కాబట్టి ఎవరు ఎప్పుడు పట్టుకున్నారో నమోదు చేయాలి, ఒక ప్రయోగంలో మధ్యలో మనిషిని మార్చకూడదు.

మోతాదు లెక్క ఇలా ఉంటుంది. శరీర బరువు కిలోకు 20 మిల్లీగ్రాములు, నోటిద్వారా కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలంటే ద్రావణం మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాలి. 24 గ్రాముల చిట్టెలుకకు 0.24 మిల్లీలీటరు, అంటే 0.48 మిల్లీగ్రాము అందుతుంది. ఆ రోజు తూచిన బరువుతోనే లెక్క వేయాలి. ఇన్ఫెక్షన్ ప్రయోగానికి ముందు, ఆరోగ్యంగా ఉన్న కొద్ది జంతువులలో ఈ మోతాదు తట్టుకోగలిగేదేనా, రక్తంలో స్వేచ్ఛా మందు ఎంఐసీ కంటే ఎంతసేపు పైన ఉంటుంది అన్నవి తెలుసుకోవాలి. ఉండకపోతే మోతాదునో, ఇచ్చే మార్గాన్నో మార్చాలి.

జంతువు జాతి ఎంపిక కూడా ఫలితాన్ని శాసిస్తుంది. చిట్టెలుకలకు ప్రాణం పోసిన పెన్సిలిన్, గినీ పందుల పేగుల్లోని బ్యాక్టీరియా సమతౌల్యాన్ని చెరిపి వాటిని చంపగలదు. మొదటి పరీక్ష గినీ పందులపై జరిగివుంటే ఆ మందు భవిష్యత్తు వేరుగా ఉండేది.

మానవీయ ముగింపు బిందువులను ప్రయోగానికి ముందే కాగితంపై పెట్టాలి. బరువు 20 శాతం తగ్గడం, వీపు గూనిగా పెట్టి కదలకుండా ఉండడం, తాకినా స్పందించకపోవడం వంటివి కనిపించిన వెంటనే నొప్పి లేకుండా ప్రాణం తీయాలి, సహజ మరణం కోసం ఎదురుచూడకూడదు. కళ్లు చికిలించడం, ముక్కు, బుగ్గలు ఉబ్బడం, చెవుల స్థానం మారడం వంటి గుర్తులతో నొప్పిని అంచనా వేసే ముఖకవళికల కొలమానం 2010 నుంచి అందుబాటులో ఉంది. ఇన్ఫెక్షన్ తీవ్రమయ్యే గంటలలో, అది రాత్రి అయినా సరే, పరిశీలన తరచుగా జరగాలి. అందుకు మనుషులు లేకపోతే ప్రయోగం తేదీ మార్చుకోవాలి.

ముగింపులో కణజాలాన్ని చల్లని సెలైన్‌లో నూరి, పదేసి రెట్లు పలుచన చేసి అగర్‌పై పరిచి కాలనీలు లెక్కించాలి. నమూనాలపై సమూహం పేరు కాక సంకేత సంఖ్య మాత్రమే ఉండాలి. కణజాలంలో మిగిలిన మందు అగర్‌పైకి కూడా చేరి బ్యాక్టీరియాను అక్కడ అణిచివేయవచ్చు. తక్కువ పలుచనలో కాలనీలు లేక, ఎక్కువ పలుచనలో కనిపిస్తే అదే జరిగిందని అర్థం. అప్పుడు కణజాల ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన బ్యాక్టీరియాను సెలైన్‌తో కడిగి మళ్లీ పరచాలి. 1 మిల్లీలీటరు కణజాల ద్రవంలో 0.1 మిల్లీలీటరు పరిస్తే ఒక్క కాలనీ అంటే మొత్తంలో 10 బ్యాక్టీరియా. కాబట్టి కాలనీలు లేని ప్లేటును సున్నా అని కాక, 10 కంటే తక్కువ అని రాయాలి.

నమోదు, విశ్లేషణ, నివేదన

ఏ పరీక్షతో పోలుస్తారు, ఏ కారణాలతో జంతువును లెక్క నుంచి తప్పిస్తారు అన్నవి ఫలితాలు చూడకముందే రాసి తేదీ వేయాలి. ఒకే ప్లేటులోని మూడు వెల్‌లు మూడు ప్రయోగాలు కావు, అవి ఒక ప్రయోగంలోని మూడు కొలతలు మాత్రమే. వేర్వేరు రోజులలో, వేర్వేరుగా సిద్ధం చేసిన కల్చర్లతో చేసినవే విడి ప్రయోగాలు. గ్రాఫులో సగటు స్తంభం ఒక్కటే కాక ప్రతి జంతువుకూ ఒక చుక్క చూపాలి.

జంతు ప్రయోగాల నివేదనకు 2010లో వచ్చి 2020లో సవరించిన అరైవ్ మార్గదర్శకాలను రాసే దశలో కాక, రూపకల్పన దశలోనే ముందు పెట్టుకోవాలి. నివేదికలో బ్యాక్టీరియా ఏటీసీసీ సంఖ్య, బ్రాత్ తయారీ బ్యాచ్, కణాల పాసేజ్ సంఖ్య (ఎన్నిసార్లు విడదీసి మళ్లీ పెంచారో), మైకోప్లాస్మా పరీక్ష తేదీ, సీరం శాతం, డీఎంఎస్ఓ శాతం, చిట్టెలుకల జాతి, లింగం, వయసు, బరువు, పంజరానికి ఎన్ని ఉన్నాయి, యాదృచ్ఛిక వరుసను ఎలా తయారుచేశారు, ఎవరికి సంకేతాలు తెలుసు, ఎన్ని జంతువులను ఎందుకు తప్పించారు అన్నవన్నీ ఉండాలి. ఎంఐసీ, సీసీ50, శరీరంలోని స్వేచ్ఛా మందు గాఢత, ఈ మూడింటినీ ఒకే పట్టికలో, ఒకే యూనిట్‌లో, ప్రతి అంకె పక్కన అది వచ్చిన యానకంలోని సీరం శాతంతో సహా ఇవ్వాలి.